సెటిల్‌మెంట్ అంటే ఏమిటి? మన పొలం కాగితాల్లో దూరిన ఒక ఇంగ్లీషు మాట కథ



ఈ పోస్టు కాస్త పొడుగ్గానే ఉంటుంది. రాత్రి అన్నాలు తిన్నాక తీరిగ్గా చదవండి.

"మా అబ్బాయి బెంగళూరులో సెటిలయ్యాడు" అంటాం. "బ్యాంకు లోను సెటిల్‌మెంట్ చేసుకున్నా" అంటాం. "నాన్న నా పేరున రెండెకరాలు సెటిల్‌మెంట్ రాశాడు" అంటాం. గట్టు తగాదా ఫలానా ఆయన దగ్గర సెటిల్‌మెంట్ అయిందంటాం. పంట బీమా క్లెయిము ఇంకా సెటిల్ కాలేదంటాం. కొత్తింటి గోడ బీట వేస్తే మేస్త్రి వచ్చి చూసి "ఏం లేదండీ, పునాది సెటిలయింది" అంటాడు. తహసీల్దారు ఆఫీసుకి వెళితే "ఆర్ఎస్ఆర్ కాపీ ఉందా?" అని అడుగుతారు. ఆర్ఎస్ఆర్ అంటే రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్.

ఒకటే మాట, ఏడు చోట్ల ఏడు రకాలుగా వాడుతున్నాం. వీటిలో కొన్ని ఊరికే అనే మాటలు, వాటితో నష్టం లేదు. కొన్ని మాత్రం పొలం ఉండటం, పోవడం తేల్చే మాటలు. రెండు వందల ఏళ్లుగా మన భూములమీద జరిగిన పెద్ద నిర్ణయాలు చాలావరకు ఈ మాట పేరుతోనే జరిగాయి. అందుకే దీని సంగతేమిటో ఒకసారి మొదట్నుంచీ చూద్దాం.

మాట ఎక్కడిది?

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో "సెటిల్" అంటే కూర్చునే పీట, ఆసనం. ఇప్పటికీ వాళ్ల పాత ఇళ్లలో వెనక ఎత్తైన చెక్క ఆనుడు ఉన్న పొడుగు బల్లని సెటిల్ అనే అంటారు. ఆ పీట నుంచే కూర్చోవడం, కూర్చోబెట్టడం, తిరగడం మాని ఒకచోట ఉండిపోవడం, బురద అడుక్కి దిగి నీళ్లు తేరుకోవడం, తగాదా తేలిపోవడం, ఇలా ఒక్కో అర్థం పుట్టుకొచ్చింది.

మన తెలుగులో దీనికి దగ్గర మాట "కుదురు". కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట కుదురు. వరి దుబ్బు కుదురు. బేరం కుదిరింది, సంబంధం కుదిరింది, ఒళ్లు కుదుటపడింది, అన్నీ ఆ ఇంటి మాటలే. ఇంకోటి "తీరు". తగాదా తీరితే తీర్పు. మనం కాలవ నీళ్లకి కట్టే నీటి తీరువా కూడా ఈ కుదురులోదే. అంటే "ఇంత కట్టాలి" అని తీర్చి చెప్పింది తీరువ.

కానీ ఒక తేడా ఉంది. బేరం కుదరాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒక్కడే మాట్లాడి బేరం కుదిరిందంటే ఎవరూ నమ్మరు. ఇంగ్లీషు ప్రభుత్వాల చేతిలో సెటిల్‌మెంట్ అలా కాదు. బల్లకి అవతల కూర్చున్నవాడు ఒక్కడే రాసేసినా అది సెటిల్‌మెంటే.

మన దేశానికి రాకముందే వాళ్ల సొంత ప్రాంతాల్లో ఈ పని చేశారు. 1652లో ఐర్లండు సెటిల్‌మెంటు పేరుతో ఒక చట్టం చేసి, అక్కడి కాథలిక్ భూస్వాముల భూములు లాక్కుని, యుద్ధానికి అప్పిచ్చినవాళ్లకీ సైనికులకీ పంచారు. 1662లో ఇంగ్లండులోనే ఇంకో చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పేదవాడికీ ఒక "సెటిల్‌మెంట్" ఊరు ఉండాలి. కష్టం వస్తే ఆ ఊరే తిండి పెట్టాలి. పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లి, ఏడాదికి పది పౌన్లకన్నా తక్కువ అద్దె ఇంట్లో దిగితే, రేపు మామీద పడతాడేమో అని నలభై రోజుల్లోపు పాత ఊరికి పంపించేయొచ్చు. పుట్టే బిడ్డ ఖర్చు తమ ఊరిమీద పడుతుందని, పెళ్లికాని గర్భవతుల్ని కాన్పుకి ముందే పొలిమేర దాటించేవాళ్లు. ఈ పద్ధతులకి అలవాటు పడ్డ దేశం నుంచి వచ్చినవాళ్లే మన పొలాలకీ సెటిల్‌మెంట్ చేశారు.

బందోబస్తు

మన దగ్గర ఈ మాటకి అప్పటి దర్బారు భాషలో "బందోబస్తు" అన్నారు. ఇవాళ మనకి బందోబస్తు అంటే జాతరలో పోలీసులే గుర్తొస్తారు. అప్పట్లో దాని అర్థం శిస్తు ఏర్పాటు. ఎంత కట్టాలి, ఎవరు కట్టాలి అన్నది కట్టుదిట్టం చేయడం. ఏటా ఊరి లెక్కలు సరిచూసే "జమాబందీ"లో ఉన్న బందీ కూడా ఇదే.

1793లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ బెంగాల్లో శాశ్వత సెటిల్‌మెంట్ చేశాడు. జమీందార్లకి వచ్చే శిస్తులో పదకొండు వంతులు వేస్తే పది వంతులు కంపెనీకి, ఒక వంతు జమీందారుకి. ఈ కట్టుబడి ఎప్పటికీ మారదు. గడువు రోజు పొద్దుగుంకే లోపల సొమ్ము జమ కాకపోతే జమీ వేలం.

దాన్నే 1802లో మద్రాసు రాజధానికి తెచ్చారు. ఉత్తర సర్కారుల్లో, అంటే ఇవాళ్టి శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా, జమీందార్లకి సన్నదులిచ్చి పేష్కషు ఖాయం చేశారు. సర్కారు చేతిలో నేరుగా ఉన్న హవేలీ భూముల్ని ముఠాలుగా కోసి వేలం వేశారు.

ఇక్కడ గమనించండి. శాశ్వతంగా సెటిలయింది ఏమిటి? జమీందారు కంపెనీకి కట్టేది. మరి రైతు జమీందారుకి కట్టేది? అది మాత్రం గట్టిగా తేల్చలేదు. పై మెట్టు కుదురుగా ఉంది, కింది మెట్టు ఊగుతూనే ఉంది. పేష్కషు పెరగదు, రైతు కట్టే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. 1832-33లో గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు వచ్చినప్పుడు, జిల్లాలో ఉన్న ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా పోయారని లెక్కలు. పైరు లేదు, మనిషి లేడు, శిస్తు ఎవరు కడతారు? 1840ల నాటికి అక్కడి జమీలు బాకీల్లో మునిగి కంపెనీ చేతికి వచ్చాయి. "శాశ్వత" సెటిల్‌మెంట్ అక్కడ యాభై ఏళ్లు కూడా నిలవలేదు.

వంద ఏళ్ల తర్వాత కూడా ఈ మాట మీద వాదన ఆగలేదు. 1937లో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక, రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం గారి అధ్యక్షతన జమీందారీల మీద విచారణ సంఘం వేశారు. ఆ సంఘం ముందున్న పెద్ద ప్రశ్న ఇదే: 1802లో సెటిలయింది ఒక్క పేష్కషేనా, రైతు శిస్తు కూడానా? రైతు శిస్తు కూడా అప్పుడే ఖాయమైపోయింది, తర్వాత పెంచినదంతా చెల్లదు, భూమికి సొంతదారు రైతే, జమీందారు వసూలుదారు మాత్రమే అని సంఘం తేల్చింది. ఒక్క మాటకి ఏ అర్థం చెప్పాలన్నదాని మీద లక్షల మంది రైతుల బతుకు ఆధారపడింది చూడండి.

రైత్వారీ, తరాలు, ముప్పై ఏళ్ల గడువు

సీమలో కథ వేరు. 1800లో నిజాము బళ్లారి, అనంతపురం, కడప వైపు ప్రాంతాల్ని కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో అక్కడ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. జమీందారు మధ్యలో వద్దు, ఒక్కో చేను కొలిచి, రైతుతోనే సెటిల్‌మెంట్ అన్నాడు. ఇదే రైత్వారీ. వినడానికి బాగానే ఉంది. కానీ ఆయన సర్వేలో పడ్డ శిస్తు పండిన పంటలో దాదాపు నూటికి 45 వంతులు. ఇది రైతు మొయ్యలేడు, పావు వంతు తగ్గించండి, బావుల కింద భూములకి ఇంకా తగ్గించండి అని 1807లో ఆయనే పైవాళ్లకి రాశాడు. అప్పుడు వినలేదు. తర్వాత ఆయనే మద్రాసు గవర్నరై వచ్చాక ఆ తగ్గింపు అమలయ్యింది. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు.

ఆ పద్ధతిలోంచే మనకి రెండు మాటలు మిగిలాయి. కొత్తగా భూమి కావాలని పెట్టుకునేది "దరఖాస్తు". ఈ చేను నాకొద్దు, శిస్తు కట్టలేను అని వదిలేస్తూ రాసిచ్చేది "రాజీనామా". ఇవాళ రాజీనామాలు మంత్రులు చేస్తున్నారు. అప్పుడు రైతులు చేసేవాళ్లు.

1858లో మద్రాసులో సెటిల్‌మెంట్ శాఖ ప్రత్యేకంగా పెట్టారు. గొలుసు పట్టి ఊరూరా కొలిచారు. నేల నల్లరేగడా, ఎర్రనేలా, ఇసుకా అని విడదీసి, ఒక్కోదాన్ని మళ్లీ మంచి, మధ్యస్థం, నాసి అని "తరాలు" కట్టారు. ఆ తరానికి ఎకరాకి ఎంత పండుతుందో అంచనా వేశారు. కరువు ఏళ్లు తీసేసి ఇరవై ఏళ్ల ధరల సగటు కట్టారు. అందులోంచి బండి కిరాయి, వర్తకుడి లాభం, కాలం కలిసిరాని ఏళ్ల నష్టం, సేద్యం ఖర్చు తీసేసి, మిగిలిన దాంట్లో సగం సర్కారు శిస్తు అన్నారు.

కాగితం మీద చూస్తే ఎంత న్యాయంగా ఉందో! కానీ పండేది ఎంత, ఖర్చు ఎంత అన్న అంచనా ఎవరిది? సెటిల్‌మెంట్ ఆఫీసరుది. మనకి ఇప్పుడు పంట కోత ప్రయోగాలప్పుడు, పెట్టుబడి ఖర్చు లెక్కలప్పుడు వచ్చే గొడవ అదే. లెక్క కట్టే పద్ధతి తప్పు కాదు, అందులో వేసే అంకె ఎవరిదన్నదే గొడవ.

ఈ సెటిల్‌మెంట్ ముప్పై ఏళ్లకి. తర్వాత మళ్లీ చేస్తారు. అదే రీ సెటిల్‌మెంట్. ధాన్యం ధర పెరిగింది కదా, శిస్తూ పెరగాలి అన్నది వాళ్ల వాదన. 1920ల చివర్లో కృష్ణా గోదావరి డెల్టాలో రూపాయికి మూడణాల చొప్పున, అంటే నూటికి 18.75 వంతులు పెంచాలని చూశారు. అప్పుడే ధరలు పడిపోతున్నాయి. రైతులు తిరగబడ్డారు, సభలు పెట్టారు, ఎన్.జి. రంగా గారి లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. అదే కాలంలో గుజరాతులోని బార్డోలీలో కూడా గొడవ రీ సెటిల్‌మెంటే. అక్కడ మొదట నూటికి 30 వంతులు పెంచమన్నారు, తర్వాత 22కి దిగారు. 1928లో వల్లభాయ్ పటేల్ ముందుండి రైతులు శిస్తు కట్టం అని కూర్చుంటే, విచారణ జరిపి చివరికి నూటికి ఆరు దగ్గర ఆపారు. 30 నుంచి ఆరుకి. లెక్క అంత శాస్త్రీయమే అయితే ఇంత తేడా ఎలా వస్తుంది? సెటిల్‌మెంట్ చేసేవాడి ముందు రైతు కూడా కూర్చుంటే అంకె మారుతుందని బార్డోలీ చూపించింది. 1937 తర్వాత మద్రాసులో రీ సెటిల్‌మెంట్లే ఆపేశారు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీ ఊళ్లు కూడా రైత్వారీలో కలిశాయి. ఆ ఊళ్లలో మళ్లీ సెటిల్‌మెంట్ ఆఫీసర్లు దిగి పట్టాలిచ్చారు. అప్పుడు తయారైన దాన్నే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఎస్ఎఫ్ఏ అంటాం. అందుకే కొన్ని ఊళ్లలో ఆర్ఎస్ఆర్ అడుగుతారు, కొన్ని ఊళ్లలో ఎస్ఎఫ్ఏ అడుగుతారు. మీ ఊరికి ఏది ఉందో తెలిస్తే, మీ ఊరు పూర్వం సర్కారుదా, జమీందారుదా తెలిసిపోతుంది.

తెలంగాణ మిత్రులకి ఇది ఇంకో దారిలో వచ్చింది. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ మంత్రిగా ఉండగా 1870ల్లో సర్వే సెటిల్‌మెంట్ మొదలైంది. దాని మూల రికార్డు సేత్వారు. 1949లో జాగీర్ల రద్దు, తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ. ఇవాళ ధరణి పోయి భూభారతి వచ్చినా, తగాదా ముదిరితే చివరికి తెరిచి చూసేది సేత్వారూ ఖాస్రా పహాణీలే.

చుక్కలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

ఈ సెటిల్‌మెంట్లన్నీ చేసింది శిస్తు కోసం. ఈ చేనుకి ఎవరి దగ్గర వసూలు చేయాలి అన్నదే వాళ్ల ప్రశ్న. ఈ చేను ఎవరిది అన్నది కాదు. రెండూ ఒకటే అనిపిస్తుంది కానీ ఒకటి కాదు. అందుకే ఇవాళ్టికీ మన కోర్టులు, రెవెన్యూ రికార్డులో పేరున్నంత మాత్రాన హక్కు పుట్టదు, అది శిస్తు వసూలుకి రాసుకున్న రికార్డు అని చెబుతూనే ఉన్నాయి.

రీ సెటిల్‌మెంట్ చేసిన రోజుల్లో, కొన్ని సర్వే నంబర్లకి పట్టాదారు ఎవరో తేలలేదు. అడిగేవాళ్లు రాలేదో, ఉన్నవాళ్లు ఊళ్లో లేరో, పట్టా అవునో సర్కారు పోరంబోకో తెలియలేదో. పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో రాసేవాడు చుక్కలు పెట్టి ముందుకి పోయాడు. అంతే. కలంతో పెట్టిన నాలుగు చుక్కలు. రిజిస్టరు పేరు మాత్రం సెటిల్‌మెంట్ రిజిస్టరే.

ఆ భూముల్లో మూడు నాలుగు తరాలు దున్నారు, కొన్నారు, అమ్మారు, పిల్లలకి పంచారు. అడంగల్లో పేరుంది, శిస్తు కట్టిన రసీదు ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత భూముల జాబితాలు తయారు చేసేటప్పుడు, పేరు లేదు కాబట్టి సర్కారుదే అని ఈ చుక్కల భూములన్నీ అందులోకి ఎక్కాయి. కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాదు, బ్యాంకు లోను ఇవ్వదు. వందేళ్ల కిందట ఎవరో పెట్టిన చుక్క, ఇవాళ పెళ్లి ఆపింది.

2017లో ఆంధ్రప్రదేశ్‌లో చుక్కల భూముల చట్టం తెచ్చారు. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నవాళ్లు ఆధారాలు చూపించుకుంటే జిల్లా కమిటీ పరిశీలించి పేరు ఎక్కించాలి. 2023 మేలో కావలి సభలో సుమారు రెండు లక్షల ఎకరాల చుక్కల భూముల్ని నిషేధిత జాబితాలోంచి తీసేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. చాలామందికి ఊరట వచ్చింది. మీది ఆ జాబితాలో ఉందో లేదో, తీశాక కంప్యూటర్లో కూడా మారిందో లేదో ఒకసారి చూసుకోండి. ప్రకటన వేరు, మన సర్వే నంబరు మీద మార్పు వేరు.

మనుషుల్ని కూర్చోబెట్టిన సెటిల్‌మెంట్

ఇంతవరకు చెప్పింది భూమి సంగతి. ఇదే మాటతో మనుషులకి కూడా సెటిల్‌మెంట్ చేశారు. అది కూడా మన కోస్తాలోనే.

ఎరుకలవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, వాళ్ల వర్తకం పోయింది. తిరిగే మనిషి దగ్గర శిస్తు వసూలు కాదు, లెక్క దొరకదు, కాబట్టి అనుమానం. 1871లో నేరస్థ తెగల చట్టం అని ఒకటి చేశారు. 1911లో దాన్ని మద్రాసుకీ తెచ్చారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, ఒకచోట కట్టడిగా ఉంచి, రోజూ హాజరు వేయించుకోవడం మొదలుపెట్టారు. ఆ చోటుకి పెట్టిన పేరు సెటిల్‌మెంట్. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం అలా పుట్టిందే. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు. నెల్లూరు వైపు కప్పరాళ్లతిప్ప, కృష్ణ ఒడ్డున సీతానగరం కూడా సెటిల్‌మెంట్లే. స్టువర్టుపురంవాళ్లు చీరాల పొగాకు కంపెనీలో చవక కూలికి పనిచేశారు.

1952లో దేశమంతటా ఆ చట్టం తీసేశారు. కానీ ఊరి పేరు చెబితే అనుమానంగా చూడటం ఇంకా పోలేదు. సినిమాలు కూడా ఆ పేరు మీదే తీస్తున్నారు. అక్కడ పుట్టిన పిల్లవాడు చదువుకుని ఉద్యోగానికి వెళ్లినా ఆ మాట వెంటే ఉంటోంది. "సెటిల్" చేసినవాళ్లు వెళ్లిపోయారు, వేసిన ముద్ర మాత్రం ఉండిపోయింది.

దీనికి అటుపక్క "సెటిలర్లు" ఉన్నారు. నిజాంసాగర్ కింద నీళ్లు చూసి నిజామాబాద్ వెళ్లిన డెల్టా రైతులు, తుంగభద్ర కాలవలు వచ్చాక గంగావతి, సింధనూరు వైపు క్యాంపులు వేసుకున్నవాళ్లు. డబ్బై ఎనభై ఏళ్లయింది, అక్కడే పుట్టి అక్కడే పెరిగినవాళ్లు మూడో తరం. అయినా సెటిలర్లే. స్టువర్టుపురంవాళ్లని కూర్చోబెట్టారు, వీళ్లు వెళ్లి కూర్చున్నారు. ఇద్దరికీ ఆ మాట వదల్లేదు.

మన ఇంట్లో సెటిల్‌మెంట్లు

ఇక ఇవాళ మనం సంతకం పెట్టే కాగితాల సంగతి.

మొదటిది సెటిల్‌మెంట్ దస్తావేజు. 1899 నాటి స్టాంపు చట్టంలోనే దీని అర్థం ఉంది: పెళ్లి సందర్భంగానో, కుటుంబంలో వాళ్లకి పంచడానికో, ధర్మకార్యానికో బతికుండగానే ఆస్తి రాసివ్వడం. చాలామంది పెద్దవాళ్లు దీన్నీ వీలునామానీ ఒకటే అనుకుంటున్నారు. కాదు. వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది, అప్పటిదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ రిజిస్టరైన రోజునే హక్కు వెళ్లిపోతుంది. రేపు కొడుకు చూడకపోతే "రద్దు చేస్తున్నా" అని మీరొక్కరే కాగితం రాస్తే మామూలుగా చెల్లదు.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, "నన్ను పోషించాలి" అన్న షరతు మీద రాసిచ్చి, తీసుకున్నవాళ్లు పోషించకపోతే, ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయొచ్చు. అందుకే ఆ షరతు దస్తావేజులోనే రాయించుకోండి. "మనలో మనకి ఇవన్నీ ఏంటి నాన్నా" అంటారు. అననివ్వండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి దస్తావేజు లేఖరి ఎక్కువేమీ అడగడు.

రెండోది బ్యాంకు వన్ టైమ్ సెటిల్‌మెంట్. పాత బాకీకి ఇంత కట్టు, మిగతాది వదిలేస్తాం అంటారు. అవసరమైతే చేసుకోవాల్సిందే, తప్పు లేదు. కానీ సిబిల్ రికార్డులో రెండు మాటలుంటాయి. మొత్తం కట్టేస్తే "క్లోజ్డ్" అని పడుతుంది. తగ్గించుకుని కడితే "సెటిల్డ్" అని పడుతుంది. మనకి సెటిలయిందంటే పూర్తయిందని. వాళ్లకి సెటిలయిందంటే పూర్తిగా రాలేదని. తర్వాత ట్రాక్టరు లోనుకి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాటే అడ్డం పడుతుంది. ఏం కట్టినా, బాకీ లేదన్న సర్టిఫికెట్టు, తనఖా పెట్టిన కాగితాలు చేతికి తీసుకున్నాకే బ్యాంకు మెట్లు దిగండి.

మూడోది పెద్దమనిషి దగ్గర సెటిల్‌మెంట్. గట్టు తగాదాకి కోర్టు కన్నా ఇదే మేలని అందరం వెళ్తాం. మంచివాళ్లు న్యాయంగా తేల్చిన ఊళ్లూ ఉన్నాయి. కానీ ఇద్దరిలో ఒకడి వెనక మనుషులుండి, ఇంకొకడు భయంతో "సరే" అంటే, అది తగాదా తీరడం కాదు. ఎవరైనా "రా, సెటిల్ చేసుకుందాం" అని కబురు పెడితే ఒంటరిగా వెళ్లకండి, అక్కడికక్కడే ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకండి. తేలింది రాసుకుని, ఇద్దరూ ఇంటికెళ్లి చదువుకుని, రెండు రోజులాగి పెట్టుకోండి.

చివరగా

1802లో జమీందారూ కంపెనీ కూర్చున్నారు, రైతు బయట నిలబడ్డాడు. రీ సెటిల్‌మెంట్లో ఆఫీసరు కూర్చున్నాడు, ఊళ్లో లేని రైతు పేరు బదులు చుక్కలు పడ్డాయి. స్టువర్టుపురంలో సర్కారు నిర్ణయించింది, ఎరుకలవాళ్లు హాజరు పలికారు. బార్డోలీలో రైతులు కూడా కూర్చున్నారు, అంకె 30 నుంచి ఆరుకి దిగింది.

కాబట్టి సెటిల్‌మెంట్ అన్న మాట ఎక్కడ వినపడినా మూడు విషయాలు అడగండి. తేలింది ఏమిటి, శిస్తా, హక్కా, బాకీయా? ఎవరెవరు కూర్చుని తేల్చారు? నా పేరు ఎక్కడ రాశారు, చూపించండి?

ఇప్పుడు ఊళ్లలో రీసర్వే జరుగుతోంది. రోవరు పట్టుకుని వస్తారు, నోటీసు ఇస్తారు, గట్టు దగ్గర ఉండమంటారు. కోతలున్నాయనో, పెళ్లికి వెళ్లాలనో ఆ రోజు మానకండి. మీరు వెళ్లలేకపోతే ఇంట్లో ఆడవాళ్లనైనా పంపండి, వాళ్లకి హద్దురాళ్లు మీకన్నా బాగా తెలుసు. వందేళ్ల కిందట ఆ రోజు ఎవరో రాలేదనే కదా చుక్కలు పడ్డాయి.

మీ ఊళ్లో చుక్కల భూమి తగాదా ఏదైనా తేలి ఉంటే, ఏ కాగితం చూపిస్తే తేలిందో నాకు చెప్పండి. అవన్నీ కలిపి ఇంకో పోస్టు రాస్తాను. వేరే రైతుకి పనికొస్తుంది.